గడియారానికి మిగిలింది

కావలి ట్రంకురోడ్డులో జిలానీ అంగడి.
గాజుబల్ల మీద వరసగా పెడతాడు:
"ఇది పన్నెండు, ఇది నలభై, ఇది నూట ఎనభై.
ఏది కావాల మా?"
దేనికని అడగడు.
దేనికో తెలీకుండా ఏదని ఎట్ట చెప్పేది?

గోడ గడియారానికయితే పన్నెండుది చాలు.
అది గంజి గుక్కెడు తాగి
పొద్దంతా తిరిగే ముసలమ్మ.
టీవీ రిమోటూ అంతే,
నొక్కితే లేస్తాది, లేకుంటే నిద్ర.
నాకు కావాల్సింది జీపీఎస్సుకి.
అది తాగుబోతు.
రేయంతా ఆకాశంతో మాట్లాడతా
తెర వెలిగించుకునే ఉంటాది.

మా ఆయన చుక్కాని పడితే
మరిది దేశింగు మిషను పడతాడు.
పడవలోకి ఐదువేల డీజిలు పోయిస్తాడు,
ఐసుగడ్డకు బేరమాడడు,
సెల్లుల కాడికొచ్చేసరికి
యాభై రూపాయలు మిగిలిస్తాడు.

పోయినేడు ఆ మిగిల్చిందే
జువ్వలదిన్నెకు తూర్పున, పద్దెనిమిది బారల నీళ్ళలో
తెర నల్లగా చేసి కూర్చోబెట్టింది.
కొత్తవి రెండేస్తే పది నిమిషాలు.
ఇంకో రెండు. అవీ అంతే.
లంగరేసుకుని తెల్లారిందాకా చలిలో.
వలలెక్కడ వదిలారో
ఆ మిషనుకే తెలుసు, అదేమో నోరు తెరవదు.

ఒడ్డుకొచ్చినాక మూత తీసి చూస్తే
సెల్లుల చివర్న తెల్లగా పొక్కులు.
సముద్రపు ఉప్పనుకున్నారు వాళ్ళు.
కాదు, సెల్లు కక్కుకున్నది.
స్ప్రింగు మీద పచ్చటి చిలుము.
నిమ్మచెక్కతో రుద్ది, గుడ్డతో తుడిచి
మళ్ళీ పలికించింది నేను.
ఆ రోజు నుంచి సెల్లులు కొనే పని నాది.

"ఛార్జింగువి తీసకపో మా, నాలుగేళ్ళు చూడబన్లా."
అవి ఒకటిన్నర ఓల్టు కాదుగదా,
ఒకటీ పాయింటు రెండేగదా, అన్నా.
జిలానీ కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు.
వేసింది ఏ రకమో మిషనుకు చెప్పాల,
చెప్పకుంటే సగం కడుపుతోనే
ఆకలని ఏడస్తాది.
అయినా పడవలో ఛార్జింగు పెట్టేది యాడ?

నూట ఎనభైది అరచేతిలో పెట్టాడు.
పిట్ట ఈక మాదిరి తేలిక.
ధర తేలిక కాదు.

నలభైవే నాలుగు.
ఎండకు అట్ట వెలిసినవి వద్దన్నా,
లోపలి పెట్టె దించమన్నా,
తేదీ రెండుసార్లు చదివా.
కొంగున కట్టుకొచ్చిన పాతవి రెండు
జానెడెత్తు నుంచి నిలువుగా బల్ల మీద వదిలా.
ఒకటి నిలబడింది.
ఒకటి ఎగిరి దొర్లింది.
"ఏందది?"
ఎగిరింది అయిపొయ్యింది,
నిలబడిందాంట్లో ఇంకా పానం ఉండాది.
ముప్పై ఏళ్ళు సెల్లులమ్మినోడు
ఇంకో పాతది వెతికి తనూ వదిలి చూశాడు.

నాలుగింటినీ కవర్లో చుట్టి, రబ్బరు బిగించి
దేశింగు చేతికిచ్చా.
కొత్తదీ పాతదీ జత చెయ్యబాక,
పాతదాని బరువంతా మోసి
కొత్తది ముందే చస్తాది, అన్నా.
చేపలు ఆరేస్తున్న మా అత్త తలెత్తి చూసింది.
ఏమీ అనలా.

వేట ఆపిన రెండు నెలలూ
మిషను కడుపు ఖాళీగానే ఉంచుతా.
జీపీఎస్సు చాలదని కక్కేసిన సెల్లు
గడియారంలో ఆరు నెలలు నడస్తాది.
ఇప్పుడు గోడ మీద తిరగతా ఉండేది
పోయిన వేటలో వాళ్ళని ఇంటికి తెచ్చి
అలిసి దిగిన జతలో ఒకటి.

రేయి మెలకువొస్తే దాని టిక్కు వింటా.
రెండున్నరకు పడవ మొగకు రావాల.
మూడయింది.
మూడుంబావు.
గడియారం ముందు నడస్తా ఉందేమో
అనుకుందామని చూస్తా.
సెల్లు నీరసిస్తే వెనకబడతాదే గాని
ముందుకు పరిగెత్తదని
నాకు తెలుసుగదా.