సున్నా పరీక్షలు

పెరుంగుడిలో అయిదో అంతస్తు.
రాత్రి పదకొండుకి ఏసీ ఆపేస్తారు.
కిటికీ తీస్తే పళ్ళికరణై చిత్తడి వాసన,
ఓఎంఆర్ మీద మెట్రో స్తంభాలకి పోస్తున్న కాంక్రీటు రొద.

బిల్డులో నాలుగువందల పన్నెండు మాడ్యూళ్ళు.
ఒక్కొక్కటీ పరీక్షల లైబ్రరీని
తనకి తోచిన వెర్షన్‌లో తెచ్చిపెట్టుకుంది.
బిల్లింగ్ వాళ్ళది నాలుగు, గోడౌన్ వాళ్ళది అయిదు.
రిటర్నుల వాళ్ళు ఏదీ అడగలేదు,
వాళ్ళు పిలిచిన ఇంకేదో
పెళ్ళికొస్తూ పిల్లిని చంకన పెట్టుకొచ్చింది.
ఆ పిల్లి ఇప్పుడు ప్రొడక్షన్‌లో తిరుగుతోంది,
గృహప్రవేశం అయ్యాక కూడా
హాల్లో సెంట్రింగు చెక్కలున్నట్టు.

డిపెండెన్సీల చెట్టు చూపించమన్నాను.
తొమ్మిదివేల వరుసలు.
చెట్టేమిటి,
మా అపార్ట్‌మెంట్ నీళ్ళ సంగతిలా ఉంది:
కుళాయికి ట్యాంకు ఆధారం, ట్యాంకుకి లారీ,
లారీకి కేళంబాక్కం అవతల ఎవరిదో బోరు,
ఆ బోరుకి ఏది ఆధారమో
ఏడేళ్ళుగా అడగలేదు, తాగాను.

ఇళమారన్ బ్యాగు సర్దుకుంటూ అన్నాడు:
"ఓడుదుల్ల? విట్టుడు."
నడుస్తోందిగా, వదిలెయ్యి అని.
అర్థమవుతుంది నాకు.
అయినా నా చెవి ఆ మాటని
ముందు తెలుగులోనే వింటుంది.

అన్నిటికీ పైనున్న ఫైల్లో ఒక పట్టిక రాశాను.
లైబ్రరీకి ఒక్కటే వెర్షన్, ఒక్కటే చోటు.
పక్కన: పరీక్షలకి మాత్రమే, గడప దాటరాదు.
కింద ఎవరికి వారు రాసుకున్న అంకెలన్నీ చెరిపాను.
బిల్లింగ్ గొణిగింది.
గోడౌన్ రెండుసార్లు పడి లేచింది.
పన్నెండూ నలభైకి అంతా పచ్చ.

మామూలుగా అయితే అక్కడ లాప్‌టాప్ మూసేదాన్ని.
ఎందుకో రిటర్నుల వరుస చూశాను.
నడిచిన పరీక్షలు సున్నా.
తప్పినవి సున్నా.
కాబట్టి పచ్చ.

పరీక్షలు లేక కాదు.
బెహరా హిమజ రాసినవి ముప్పై ఏడున్నాయి,
ఆమె మానేసి మూడేళ్ళు.
అవి పాత గుర్తులతో రాసినవి,
కొత్త రన్నర్‌కి ఆ గుర్తులు చదవడం రాదు.
చదవరానిది లేదనుకుంది,
లేనిదానిలో తప్పేముంటుంది?
రన్నర్ మార్చిందెవరా అని చరిత్ర తీశాను.
పేరు నాదే.
కింద నా వాక్యమే:
చిన్న అప్‌గ్రేడ్, భయం లేదు.

పాత గుర్తులు చదివే వంతెనొకటి పట్టికలో చేర్చి
మళ్ళీ నడిపాను.
ముప్పై ఆరు నెగ్గాయి.
ఒకటి ఎర్రబడింది, హిమజ దానికి పెట్టిన పేరు:
వాపసు డబ్బు రెండుసార్లు పోకూడదు.

పోతోంది.

కింద గేటు దగ్గర నీళ్ళ లారీ హారన్ కొడుతోంది.
ఇళమారన్‌కి ఒక్క మాట పంపాను:
ఓడుదు.
ఏ భాషలోనో రాయలేదు.