రెండో రకం

మన్ననూరు డిపోల కాంటా నాది.
పదకొండేండ్లాయె.
తపసి బంక సంచి విప్పి
మొదటి రకమా, రెండోదా, మూడోదా
చెప్పేది నా కన్ను.

పటికబెల్లం లెక్క తెల్లగుంటె మొదటిది.
తేనె రంగు తిరిగితె రెండోది.
బెరడు అంటుకోని నల్లబడితె మూడోది,
దాని ధర చెప్పేటప్పుడు
నేను కాంటా దిక్కే చూస్త.

తోకల ఈదమ్మ సంత దినం వస్తది, పెంట నుంచి నడిచి.
సంచి మూతి విప్పకముందే
పులిసిన గంజి వాసన.
చెట్టు సావకుండ గాటు ఎంత లోతు పెట్టాల్నో
ఆమె చేతికెరుక.
"పుండు మానెదాక ఆగాలె సారూ" అంటది.
ఆగిన దినాలకు కూలి ఎవరిస్తరో
నన్ను అడగలేదు ఎన్నడూ.

పోయినేడు వాన ముందే దిగింది.
తడిసిన బంకను రాత్రంత దీపం కాడ కూసోని
గోరుతోని గీకిందట.
విరిగిన గోరు దాచుకున్నది గానీ
నేను చూసిన.
సగం గడ్డలు మొదటి రకమే.
ఏరి తూయాలంటె పొద్దుగూకుతది,
ఎనక ఇంకా పన్నెండు మంది.
రెండోది అని రాసిన.

మే నెలల, అచ్చంపేటల,
బిడ్డ పుట్టినరోజుకు ఐస్‌క్రీమ్ డబ్బా తెచ్చిన.
మాటల్ల పడి మరిచినం.
కరెంటు లేదు, ఫ్యాను లేదు,
అరగంటయినా అది కుప్పగనే నిలబడ్డది.
బిడ్డ డబ్బా ఎనక సన్నక్షరాలు చదివింది:
స్టెబిలైజర్, నాలుగు వందల పదహారు.
"బస్సు నంబరా నాయినా?"
లారీ చిట్టీల మీద చూసిన నంబరే.
చెంచాడు తిన్న.
మెత్తగ జారింది.
ఏ రకమో నాలుక చెప్పలేదు.

మళ్ల సంతకు ఈదమ్మ అడిగింది,
"గీ బంక ఏం జేస్తరు సారూ మీరు?"
"చిక్కగ జేస్తరు."
"దేన్ని?"
"పల్చగున్నదాన్ని."
నవ్వింది, పొగాకు పండ్లు కనబడేటట్టు.
"గంజి పల్చగైతె ఇన్ని నూకలెయ్యాలె గని,
బంకేస్తరా ఎవరన్న?"

కాంటా ముల్లు ఊగి ఊగి ఆగింది.
నాలుగు కిలోల మూడొందలు.
పెన్ను వేళ్లకు అంటుకున్నది.
రకం గడిల ఇంకా ఏం రాయలేదు.
ఆమె నా చెయ్యిని చూస్తున్నది,
చెట్టును చూసినట్టు,
గాటు ఎక్కడ పెట్టాల్నా అని.