కడుపు చప్పుడు

రాత్రి మూడున్నర.
వంటింటి తూకం మీద తువ్వాలు పరిచి నిన్ను కూర్చోబెడితే
కిలో ఆరువందల నలభై.
నిన్నటికన్నా ముప్పై గ్రాములు తక్కువ.
ముప్పై గ్రాములంటే ఎంతని, సగం గుడ్డు.
అయినా గుండె గతుక్కుమంది.

ఇరవై ఆరేళ్లు ఉక్కు మిల్లులో క్రేన్ నడిపాను, హ్రాషెక్.
కరిగిన ఇనుము నిండిన గంగాళాన్ని
కింద మనుషులు తిరుగుతుండగా
ఒక్క బొట్టు ఒలకకుండా మోసిన చేతులివి.
ఇప్పుడు సూది లేని సిరంజిలో
ఒక్క మిల్లీలీటరు గడ్డిజావ పట్టుకుని
వణుకుతున్నాయి.

నువ్వు మూతి బిగిస్తావు.
అటు తిప్పుతావు, ఇటు తిప్పుతావు,
పచ్చటి జావంతా నా గౌను మీదే.

ఏం కావాలి దొరగారికి?
సోయికూర నిన్నటిదైతే ముట్టరు.
కొత్తిమీరలో ఆకులే తప్ప కాడలు పనికిరావు.
రెండో కోత గడ్డి తెప్పిస్తే దాని మీద పడుకున్నావు.
మొదటి కోత తెప్పిస్తే దాని మీద ఉచ్చ పోశావు.
బెస్కిడీ కొండల దగ్గర ఓ ముసలాయన అమ్మే గడ్డి బాగుంటుందంటే
రెండు బస్సులు మారి వెళ్లి
దిండు గలీబులో కుక్కి తెచ్చాను.
బస్సంతా ఎండుగడ్డి వాసన.
ఒకావిడ ఓస్ట్రవా వచ్చేదాకా తుమ్ముతూ తిడుతూనే ఉంది.
పోనీ తిన్నావా అంటే
మూడు పరకలు.
ఆ తర్వాత సోఫా వెనక గోడకాగితం.

"కుందేలు కడుపు ఆగకూడదు,
ఆగితే తెల్లారేదాకా చూడొద్దు, ఫోన్ చెయ్యండి"
అంది డాక్టర్ హనుషోవా.
ఈ ఏడాది ఆగడం ఇది నాలుగోసారి.
ఆవిడ నంబరు నా వేళ్లకే వచ్చేసింది.

మా నాన్నకు పెరట్లో పదహారు బోనులు.
బడి నుంచి రాగానే
గోనె నిండా డాండెలియన్ ఆకు కోసి తెచ్చేదాన్ని.
వాటిలో ఒక్కటీ మారాం చెయ్యలేదు.
వేసింది వేసినట్టు తిన్నాయి.
పేర్లు పెట్టకు, అనేవాడు నాన్న,
పేరు పెట్టినదాన్ని మింగలేవు.
ఆదివారం మీగడ పులుసు.
నేను బాగానే మింగాను. మారు కూడా వడ్డించుకున్నాను.
నీకు అబద్ధం చెప్పను.

నీ పేరు నేను పెట్టింది కాదు.
ఐదో అంతస్తు పిల్ల పెట్టింది, బఠాణీ అని,
నీకు బొత్తిగా అరగని గింజ.
వాళ్లు బ్ర్నో వెళ్తూ
రెండు వారాలు చూసుకుంటారా అన్నారు.
అది మూడేళ్ల కిందట.

వేడినీళ్ల సీసాకు మేజోడు తొడిగి నీ పక్కన పెట్టాను.
పళ్లు కొరుకుతున్నావు.
హాయిగా ఉన్నప్పటి కటకట వేరు, నొప్పప్పటిది వేరు,
తేడా తెలియడానికి నాకో చలికాలం పట్టింది.
బొటనవేళ్లతో పొట్ట నిమురుతున్నాను,
పిండి పిసికినట్టు కాదు, ఇంకా మెల్లగా,
బరువును నేలకు ఆనించే ఆ చివరి అంగుళంలో లాగా.

చెవి పెట్టి విన్నాను.
ఏమీ లేదు.
మిల్లులో కొలిమి ఆర్పేసిన రాత్రి ఇలాగే
మా కిటికీ అద్దాలు అదరడం మానేశాయి.
నిద్రపట్టక వీధిలోకి వస్తే
అందరూ వీధిలోనే ఉన్నారు, చెప్పులు లేకుండా కొందరు.

ఇంకో మిల్లీలీటరు.
నాలిక కదిలింది.
ఇంకోటి. ఇది మింగావు, నా మీద జాలితో.

ఐదింటికి మొదటి ట్రామ్ మూల తిరుగుతుండగా
ఎక్కడో బుడబుడమంది.
నీ పొట్టో నా పొట్టో తెలియలేదు,
సాయంత్రం నుంచి నేనూ ఏమీ తినలేదు కదా.

ఏడింటికి తువ్వాలు మీద
నాలుగు నల్లగింజలు, మిరియాలంత,
వంకరటింకరగా, వెంట్రుకతో గుచ్చినట్టు.
అరచేతిలో వేసుకుని దీపం కిందకు తీసుకెళ్లాను.
వదిన యార్మిల ఫోన్ చేస్తే మొదట అదే చెప్పాను.
చాలాసేపు ఏమీ అనలేదావిడ.
తర్వాత, "నాలుగేనా?" అంది.

నువ్వేమో
ఇప్పుడే కొన్న సోయికూర కట్టను వాసన చూసి
పక్కకు నెట్టి
గోడ దగ్గరికి నడిచావు.
తిను నాయనా.
చింపుకుని తిను.