ఎర్రటిది, యాభై రెండో సైజు

యాభై ఐదు నిండిన నాడు
నా సంచిలోనే నాకో ఉత్తరం వచ్చింది.
త్రియెస్తెలో, సాన్ జాకొమో ఎత్తు మీద
ముప్ఫై ఏళ్లుగా అందరి ఉత్తరాలూ మోసినదాన్ని,
నా పేరు అంత పెద్ద అక్షరాల్లో ఎన్నడూ చూడలేదు:
నివెస్ కొసుట్టా గారికి,
ఇక మీరు నెమ్మదించే వేళ.

నా పుట్టినరోజు మా చెల్లెలు మరిచిపోయింది.
ఏ ఊళ్లోనో ఉన్న కంప్యూటర్ మరిచిపోలేదు.

లోపల, మెట్ల పక్కన పట్టా మీద జారే కుర్చీ.
కుర్చీలో ఒకావిడ, ఒళ్లో చేతులు,
బడి ఫోటోకి కూర్చోబెట్టిన పిల్లలా.
జుట్టు తెల్లగానే ఉంది. కానీ
నేను చేతులు చూసే మనిషిని,
రసీదుల మీద సంతకం పెట్టే చేతులే కదా రోజూ నా లోకం.
అవి ముప్ఫై ఐదేళ్ల చేతులు.
ముసలితనం అమ్మడానికి కూడా
ముసలివాళ్లు పనికిరాలేదు.

నాలుగో అంతస్తు దాకా తొంభై రెండు మెట్లు
ఎక్కి మరీ ఇచ్చి వస్తాను
మెట్లెక్కలేని వాళ్ల కుర్చీ కాగితం.
మోకాలు నొప్పి లేదని అనను. ఉంది. ఎడమది.
వానకి ముందే కబురు చెబుతుంది.
ఆ కాగితంలో నొప్పికి కూడా చోటు లేదు,
ఉన్నదల్లా లేత ఊదారంగు,
తెల్లబట్టల్లో ఇసుక మీద నడిచే జంట,
చెప్పులు చేత్తో పట్టుకుని
ఎవరో చనిపోయినట్టు సముద్రాన్ని చూస్తూ.

మా సముద్రం అలా ఉండదు.
పెదొచిన్ రేవులో ఆడవాళ్లకీ మగవాళ్లకీ మధ్య గోడ.
గోడకి ఇవతల, అక్టోబరు దాకా,
ఎనభై ఒక్కేళ్ల ఒందినా, ఆమె పేకాట జట్టు,
నూనె రాసుకున్న పొట్టలు, పీచ్ పళ్ల టెంకలు,
మొన్నటి పెళ్లిలో ఎవరు ఎవర్ని పలకరించలేదనే పంచాయితీ.
కాళ్లు చాపుకున్నారు, నిజమే.
కాటికి కాదు, ఎండకి.

సెప్టెంబరులో ఒక సెలవునాడు నేనూ అక్కడే ఉన్నా.
ఒందినా ఆ కాగితాన్ని రాశిఫలాల్లా పైకి చదివింది:
వినికిడి యంత్రం, వాయిదాల్లో అంత్యక్రియలు,
పెద్ద మీటల ఫోను, నిశ్చింత.
"నిశ్చింత ఎంతట?" అంది ఎవరో.
"ధర వేయలేదు. ఫోన్ చేయమన్నారు."
పేకముక్కలు నీళ్లలో పడేంత నవ్వారు.

తర్వాత నా చెవి మీది పెన్ను లాక్కుని
స్టాంపు అక్కర్లేని జవాబు కార్డు మీద
నాకు ఆసక్తి ఉంది అన్న గడిని కొట్టేసి, రాసింది:
కుర్చీ వద్దు. స్విమ్‌సూట్ కావాలి.
ఎర్రటిది, యాభై రెండో సైజు,
వీపు నడుం దాకా తెరిచి ఉండాలి.
నలుపు పంపారో, నేనే మీ ఆఫీసుకొస్తాను.
ఇట్లు, ఒందినా. స్నానాల రేవు, ఆడవాళ్ల వైపు.

తడి కార్డు. నేనే తీసుకెళ్లి పెట్టెలో వేశాను.

న్యాయంగా ఇదీ చెప్పాలి:
మూడో అంతస్తు దారియో నిజంగానే కుర్చీ కొన్నాడు.
వైన్ జాడీని అందులో కూర్చోబెట్టి, బెల్టు కట్టి,
పక్కనే తను నడిచి ఎక్కుతాడు,
పల్లకీ వెంట పెళ్లికూతురి అన్నలా.

జవాబు నవంబరులో వచ్చింది.
స్నానం అన్న ఒక్క ముక్క దొరికినట్టుంది వాళ్లకి.
తలుపున్న స్నానపు తొట్టి. జారకుండా పిడి.
తొట్టి అంచున నవ్వుతూ
అదే ఆవిడ, అవే చేతులు.

ఆ రోజు బోరా గాలి. వీధి మలుపుల్లో తాళ్లు కట్టారు.
ఒందినా తలుపు తీసి, కాగితాన్ని వేళ్ల మధ్య నలిపి చూసింది,
బట్టల కొట్లో గుడ్డ చూసినట్టు.
"మంచి దళసరి," అంది.
నాలుగు మడతలు పెట్టి
కొట్టుకుంటున్న కిటికీ సందులో దోపింది.
కిటికీ ఊరుకుంది.

"ఇంకోటి ఉందా? వంటింట్లోది కూడా ఇదే గోల."
సంచిలో ఉంది. నా పేరు మీదిది.
ఇచ్చేశాను.