కిల్లాకు దొర బరువు

హన్మకొండ పాత దండు వెనుక, సీతాఫలం పొదల్ల
ఒరిగిన రాయి మీద ఇంగ్లీషు అక్షరాలు
మొన్న మా మనుమరాలు తుడిచి సదివింది:
ఆంగస్ కిన్‌లాక్. లెఫ్టినెంటు, కెప్టెను, మేజరు,
రెసిడెంటు సాబుకు మూడో సహాయకుడు,
స్కాట్లండుల పుట్టినోడు, ఫార్సీ నేర్చినోడు.

మా ఇంట్ల ఇంకో లెక్క ఉన్నది.
మా తాతకు తాత కొంరెల్లి
ఆ పల్లకి ముందు కొమ్ము మోసినోడు.
కిన్‌లాక్ అని నోరు తిరగక కిల్లాకు దొర అన్నోడు.
హోదాలు తెల్వయి ఆయనకు. బరువు తెలుసు.

వచ్చిన కొత్తల గుర్రం మీదనే తిరిగెటోడట,
ఎర్ర మీసాలు, ఎండకు పొక్కిన ముక్కు.
కెప్టెనయినంక పల్లకెక్కిండు,
ఒక మనిషి, ఒక కత్తి, ఒక దిండు.
పరకాల దాక రెండుసార్లు బుజం మారిస్తే సాలు.

మేజరయ్యేసరికి కత్తి ఇంటికాడ్నే ఉన్నది,
కాయితాల పెట్టె పక్కన కూసున్నది.
కాళేశ్వరం కాడ గోదారి ఒడ్డున డేరా ఏసి
హద్దు మీద సంతకాలు చేయించుకున్న దినం
పోంగ తేలికున్న పెట్టె రాంగ దిగబడ్డది.
"రెండు సంతకాలకు ఇంత బరువా?" అన్నడట పిల్ల బోయి.
"అండ్ల ఊర్లున్నయి కదరా" అన్నడట కొంరెల్లి.

నవాబుల తోటి ఫార్సీ, కాయితం తోటి ఇంగ్లీషు,
మాతోటి ఒకటే మాట: జల్ది.

ములుగు అడివిల జరమొచ్చిన రాత్రి మాత్రం
ఇంకేదో బాసల కూతలు పెట్టిండట.
మున్షీకి అంతుపట్టలే, డాక్టరుకూ పట్టలే.
దివిటీ పట్టిన గొల్ల బీరయ్య చెవి పెట్టి ఇన్నడు:
"బాస నాకు తెల్వది గని
ఇది తప్పిపోయిన గొర్రెను పిలిచే కూత."

తెల్లారి మోసుకొచ్చిన్రు.
అన్ని ఏండ్లల్ల అంత తేలిక ఎన్నడు లేడట.
పెట్టెను మాత్రం వేరే పల్లకిల
ఎనిమిది మంది హైదరాబాదుకు ఉరికిచ్చిన్రు.

ములుగు నుంచి హన్మకొండ దాక
మా కూలి బాకీ ఉండిపోయింది.

"ఎనుక దిక్కు గూడ సూడు బిడ్డా" అన్న.
పొద వంచి, ఫోను లైటేసి సూసింది.
ఎనుక దిక్కు రాయి
రాయి లెక్కనే ఉన్నది.