మక్క గట్క

అచ్చంపేట మిషన్ హాస్టల్ల
ఇంగ్లీషు చెప్పనీకి కెన్యా నుంచి వచ్చింది
వాంజీరు టీచరు.
పిల్లలు ఆమె జడపాయలు ముట్టి నవ్వుతరు.
ఆమె గూడ నవ్వుతది.
రాత్రి మోకాళ్ల మీద కూసున్నంక
ఆ నవ్వు ఏడ పెడతదో
వంటింటి కిటికీల కెళ్లి నాకెరుకే.

మొన్న బియ్యం ఆటో రాలే.
మక్క రవ్వ పోసి గట్క గెలికిన.
తెడ్డు చప్పుడుకే ఉరికొచ్చింది.
ముద్ద చేసి, బొటనేలుతోటి నడుమ గుంత పెట్టి
"ఉగాలి" అన్నది.
ఇంకేం అనలే.

ఏనాటి తిండి ఆనాడియ్యమని
రోజూ అడుగుతం గద ప్రభువును,
ఎవరి కుండల నుంచి ఇస్తడో చెప్పడు.

అడుగంటిన మాడు గీకి పెట్టమన్నది టీచరు.
మాడంటే నాకూ పాణమే.
సగం ఇచ్చిన.