ఆరూ ముప్పావు

ఓల్యావ్ రేవులో మా రోజుని కొలిచేది సూర్యుడు కాదు,
చేపల డబ్బాల ఫ్యాక్టరీ కూత.
పడవలొస్తే కూసేది, రాకపోతే లేదు.
అర్ధరాత్రి కూసినా సరే
అమ్మ నల్లశాలువా లాక్కుని
చెక్కచెప్పులు టకటకలాడించుకుంటూ పోయేది.

చేసిన పనికి కొలత రేకుబిళ్ళ.
బిళ్ళంటే పావు రోజు.
నాలుగైతే ఒక రోజు కూలి.
సార్డీన్ల తలలు తుంచి తుంచి
ఉప్పు కోసిన వేళ్ళతో
ఒక్కో బిళ్ళా తుడిచి ఏప్రాన్ జేబులో వేసుకునేది.

పదిహేను రోజులకోసారి కిటికీ తెరుచుకుంటుంది.
లోపల గుమాస్తా తెలెష్ఫోరు.
"అర్మిందా! ఇరవై ఏడు."
నాలుగేసి పేర్చేవాడు. ఆరు దొంతులు.
మిగిలిన మూడిటినీ
అరచేత్తో సొరుగులోకి ఊడ్చేవాడు,
బల్లమీద రొట్టెపొడి ఊడ్చినట్టు.
"మరి ఆ మూడూ?"
"చిల్లర లెక్కలు నాకొద్దమ్మా, వెనక లైను చూడు."

ఆ ఏడాదే బళ్ళో
ఫిలొమేన టీచరమ్మ బోర్డుమీద అడ్డగీత గీసింది.
పైన పదిహేడు, కింద ఐదు.
"లవం హారాన్ని మించిపోతే
అది అపక్రమ భిన్నం."

అపక్రమం!
పాపం, అదేం తప్పు చేసిందని?
తాహతుకి మించిన గంప నెత్తినెత్తుకున్న మనిషిలా ఉంది, అంతే.
మా వీధి వీధంతా అలాంటివాళ్ళే.

"బరువు దించుదాం" అంది టీచరమ్మ.
"పదిహేడులో ఐదు ఎన్నిసార్లు? మూడుసార్లు.
ఆ మూడూ పూర్ణాంకం, పెద్దగా రాయండి.
ఇంకా రెండున్నాయి.
వాటిని పారేయకండి.
పూర్ణం పక్కనే, పాత హారం మీదే కూచోబెట్టండి.
హారం మారదు."

పారేయకండి.
గంట కొట్టేదాకా నాకింకో మాట వినబడలేదు.

ఆ రాత్రి వంటింటి బల్లమీద
తడివేలితో రాశాను, ఇరవై ఏడు, గీత, నాలుగు.
అక్షరం రాని అమ్మ
నీళ్ళు ఆరిపోకముందే చదవాలన్నట్టు వంగి చూసింది.
"ఆరూ ముప్పావు" అన్నాను.
"ముప్పావంటే?"
"మూడు బిళ్ళలు."
"అదా! అది నాకు తెలుసే.
రెండు రొట్టెలు, దీపంలోకి నూనె, నీ పలకబలపం."
అని గిన్నెలు కడగడానికి లేచింది.

మళ్ళీ కూలిరోజు.
తెలెష్ఫోరుతో వాదించడానికి
భాగహారమంతా సిరాతో రాసి సిద్ధం చేశాను.
అమ్మ ఆ కాగితం ఇంట్లోనే వదిలేసింది.
జేబులో ఇరవై మూడు బిళ్ళలున్నాయి.
బల్లమీద ఇరవై పెట్టింది.
అతను పేర్చాడు. ఐదు దొంతులు.
అలవాటైన అరచెయ్యి ఊడ్చడానికి వెళ్ళింది.
చెక్క తగిలింది.

ఇంటిదారిలో జేబులు మోగుతున్నాయి.
అమ్మ దగ్గర మూడు, కుష్టోదియా దగ్గర రెండు,
గూనిముసలి లియొకాదియా దగ్గర ఒకటి.
చాకిరేవు బండమీద ఆరూ కుప్పపోశారు.
ఒక రోజూ, ఒక అరపూటా!
ఆ రోజు ముసలిదానికి, అర వచ్చేసారికి.
ఎవరూ రాసుకోలేదు.
వంతుల దగ్గర తగువు రాలేదని చెప్పను,
వచ్చింది, ఓసారి జుట్లు కూడా పట్టుకున్నారు,
మర్నాడు కూత కూస్తే
ఒకే గొడుగు కింద పరుగెత్తారు.

ఇప్పుడు నేనే బోర్డుమీద అడ్డగీత గీస్తున్నాను.
లవం బరువు దించకుండా ఎవరైనా వదిలేస్తే
ఎర్రగీత కొట్టను.
"ఇంకా మోస్తూనే ఉన్నావా?" అని పక్కన రాస్తాను.

ఫ్యాక్టరీ మూతబడ్డ రోజు
అమ్మ జేబులో ఒక బిళ్ళ మిగిలింది.
తుప్పుపట్టి, అంచు వంగి, నా బల్లమీదే ఉంటుంది.
పిల్లలు తిప్పి చూసి
ఇదెంత టీచర్ అంటారు.
పావు, అంటాను.
దేంట్లో? అంటారు.